ఉపసంహారం

సాహిత్యం బోధించేవారికి విద్యార్థుల నుంచి రెండు రకాల ప్రశ్నలు ఎదురవుతాయి. కొన్ని పుస్తకం తిరగేస్తే తీరిపోతాయి. మరికొన్ని మన జీవితాన్నే తిరగేయమంటాయి. అటువంటి ప్రశ్న ఒకటి చాలా సంవత్సరాల క్రితం బాపట్లలో నాకు ఎదురయింది.

అప్పుడు నేను అక్కడ ఒక జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతున్నాను. ఆనాటి పాఠ్యాంశం మహాభారతంలోని సౌప్తికపర్వ కథ. 'సుప్తి' అంటే నిద్ర. నిద్రిస్తున్నవారిని సంహరించిన వృత్తాంతం కనుక ఆ పర్వానికి ఆ పేరు వచ్చింది. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను ఆంధ్రీకరించిన తిక్కన సోమయాజి ఈ భయంకర కథను కూడా తెలుగువారికి అందించాడు. అశ్వత్థామ అర్ధరాత్రివేళ పాండవ శిబిరంలో ప్రవేశించి చేసిన మారణకాండను వివరించి, "ఇది వీరునికి తగిన పని కాదు" అంటూ పాఠం ముగించాను. గంట కొట్టబోయే సమయంలో వెనుక బల్లమీది విద్యార్థి ఒకడు లేచి నిలబడ్డాడు.

"సార్, ఆయుధం విడిచి కూర్చున్న తండ్రి తల నరికినప్పుడు ఎవరికీ ధర్మం గుర్తు రాలేదు. కొడుకు పగ తీర్చుకున్నప్పుడు మాత్రం గుర్తొచ్చిందా? ఆయన స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?"

తరగతి అంతా నా ముఖంవైపు చూసింది. అంతలో గంట మోగింది. "రేపు చెబుతాను" అన్నాను. ఆ 'రేపు' రావడానికి చాలా రోజులు పట్టింది.

ఆ విద్యార్థి ప్రశ్నలో న్యాయం ఉంది. అశ్వత్థామకు జరిగిన అన్యాయం సామాన్యమైనది కాదు. ద్రోణుడు చేతిలో ధనుస్సు ఉన్నంతసేపూ అజేయుడని పాండవులకు తెలుసు. అందువల్ల భీముడు 'అశ్వత్థామ' అనే పేరుగల ఏనుగును చంపి, అశ్వత్థామ మరణించాడని చాటాడు. ఆ మాట నిజమా అని ద్రోణుడు అడిగింది ధర్మరాజును. లోకంలో ఇంకెవరు అబద్ధమాడినా ధర్మరాజు ఆడడన్న నమ్మకంతో అడిగాడు. ఆ నమ్మకమే ఆయన ప్రాణం తీసింది. కొడుకు చనిపోయాడని తలచి అస్త్రసన్యాసం చేసి, యోగనిష్ఠలో కూర్చున్న వృద్ధుని శిరస్సును ధృష్టద్యుమ్నుడు ఖండించాడు. గురువును సజీవంగా తెమ్మని అర్జునుడు కేకలు వేస్తున్నా వినలేదు. పాండవపక్షంలోనే ఆ పనిని మెచ్చనివారు ఉన్నారు. అటువంటప్పుడు కన్నకొడుకు గుండె రగలకుండా ఎలా ఉంటుంది?

మరొక సంగతి కూడా గమనించాలి. ఈ పగల గొలుసును వెనక్కు లాగుతూ పోతే దాని మొదటి కొస ఒక పాలగిన్నె దగ్గర తేలుతుంది. ధనికుల పిల్లలు పాలు తాగుతుంటే చూసి తనకూ పాలు కావాలని ఏడ్చిన పసివాడు అశ్వత్థామ. వ్యాసభారతంలో తోటి బాలురు పిండి కలిపిన నీళ్లను పాలని చెప్పి వానిచేత తాగించి పరిహసిస్తారు. ఆ పరిహాసం భరించలేక ద్రోణుడు బాల్యమిత్రుడైన ద్రుపదుని వద్దకు వెళ్లాడు. రాజుకూ పేదవానికీ స్నేహమేమిటని ద్రుపదుడు అవమానించాడు. ద్రోణుడు శిష్యులచేత ద్రుపదుని కట్టి తెప్పించి ఆ అవమానం తీర్చుకున్నాడు. ద్రుపదుడు యజ్ఞం చేసి, ద్రోణుని చంపగల కొడుకును పొందాడు. ఆ కొడుకు ద్రోణుని చంపాడు. ద్రోణుని కొడుకు ఆ కొడుకును చంపాడు. ప్రతివాడూ తాను లెక్క సరిచేస్తున్నాననే అనుకున్నాడు. ఒక్కడి చేతిలోనూ లెక్క తేలలేదు.

ఇక ఆ రాత్రి సంగతి. తొడలు విరిగి నేలకూలిన దుర్యోధనుడు అశ్వత్థామను సేనాపతిగా అభిషేకించాడు. అప్పటికి సేన అంటే కృపాచార్యుడూ, కృతవర్మా, తానూ మాత్రమే. ముగ్గురూ అడవిలో ఒక మర్రిచెట్టు కిందికి చేరారు. అలసినవారిద్దరూ నిద్రపోయారు. అశ్వత్థామకు మాత్రం నిద్ర పట్టలేదు. కవి చూపించిన మొదటి వికారం ఇదే. పగ మొదట శత్రువు నిద్రను కాదు, మన నిద్రను హరిస్తుంది.

అలా మేలుకొని ఉన్నవానికి ఒక దృశ్యం కనిపించింది. చెట్టుమీద నిద్రిస్తున్న కాకులను ఒక గుడ్లగూబ నిశ్శబ్దంగా వచ్చి చంపింది. అశ్వత్థామ ఆ పక్షినుంచి పాఠం నేర్చుకున్నాడు. ఆలోచించండి. ద్రోణాచార్యుని వంటి గురువు తండ్రిగా ఉన్నవాడు, కృపాచార్యుని వంటి గురువు మేనమామగా పక్కనే ఉన్నవాడు, ఆ రాత్రి గుడ్లగూబను గురువుగా ఎంచుకున్నాడు. పగ మనిషికి చేసే రెండవ అపకారం ఇది. మంచి గురువులను మరపింపజేసి, తన పనికి అక్కరకు వచ్చేవారిని గురువులుగా నిలబెడుతుంది.

కృపుడు నిద్రలేచి విషయం విని వారించాడు. ఆయన చెప్పిన హితవు చాలా సరళమైనది. ఈ రాత్రి విశ్రమించు, పెద్దలను సంప్రదించు, తెల్లవారిన తర్వాత కవచం తొడిగి వారికి ఎదురుగా నిలిచి పోరాడు, నేనూ నీ వెంట వస్తాను అన్నాడు. పగను మానుకోమని కూడా ఆయన అనలేదు. తెల్లవారేదాకా ఆగమన్నాడు. అశ్వత్థామ ఆగలేదు.

తర్వాత జరిగినది మీరు చదివే ఉంటారు. నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుని కాళ్లతో మట్టి చంపాడు. కనీసం ఆయుధంతో చంపమని అతడు వేడుకున్నా, గురుహంతకునికి వీరమరణం దక్కకూడదని నిరాకరించాడు. ఉపపాండవులు అయిదుగురూ అతని చేతిలోనే ప్రాణాలు కోల్పోయారు. ద్రోణుని శిరస్సు తెగడంలో ఆ పిల్లల చేయి ఏమీ లేదు. తన తండ్రిని నిరాయుధునిగా ఉన్నప్పుడు చంపారన్నది అశ్వత్థామ ఫిర్యాదు. ఆ ఫిర్యాదుతో బయలుదేరినవాడు చేసిన పని ఏమిటి? నిరాయుధులను చంపడం. తన శత్రువు ఒకసారి చేసిన పాపాన్ని తాను ఒకే రాత్రిలో వందలసార్లు చేశాడు. ధృష్టద్యుమ్నుని చంపి వచ్చినవాడు మరొక ధృష్టద్యుమ్నుడై తిరిగి వచ్చాడు.

ఇదంతా తరగతిలో చెప్పవచ్చు. కాని ఆ విద్యార్థి అడిగింది ఇది కాదు. "ఆయన స్థానంలో మీరుంటే?" అని అడిగాడు. ఆ మాట నన్ను ఎందుకు అంతగా కలవరపెట్టిందో ఆ సాయంత్రం రైలులో నాకు అర్థమైంది.

అప్పట్లో మా కాపురం తెనాలిలో. రోజూ బాపట్లకు రైలులో వెళ్లి వచ్చేవాణ్ణి. ఆ సాయంత్రం తెనాలి స్టేషనులో దిగేసరికి పక్క ప్లాట్‌ఫారంమీద రేపల్లె బండి సిద్ధంగా ఉంది. వేమూరు, భట్టిప్రోలు మీదుగా మా స్వగ్రామంవైపు వెళ్లే బండి అది. దానిని చూడగానే చాలా కాలంగా నేను ఎవరికీ చెప్పని ఒక రాత్రి జ్ఞాపకం వచ్చింది.

మాది రేపల్లె ప్రాంతంలోని ఒక పల్లె. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరి భూములు మావి. ఎగువ పొలాలన్నీ తడిసిన తర్వాత గాని మాకు నీరు అందేది కాదు. అందువల్ల అక్కడ సెంటు భూమికీ, బెత్తెడు గట్టుకూ, జానెడు బోదెకూ ఎంతో విలువ. మా తాతయ్యకూ ఆయన దాయాదికీ మధ్య ముప్పై సెంట్ల మాగాణి గురించి తగాదా వచ్చింది. ఆ దాయాది లేని దస్తావేజు పుట్టించి, గట్టు జరిపి, ఆ ముప్పై సెంట్లూ తన పొలంలో కలుపుకొన్నాడు. న్యాయం తాతయ్య పక్షాన ఉన్నదని ఊరంతటికీ తెలుసు. తెలిసినవారెవరూ సాక్ష్యం చెప్పడానికి ముందుకు రాలేదు.

తాతయ్య కోర్టుకెక్కాడు. నేను పుట్టకముందు మొదలైన ఆ వ్యాజ్యం నేను నాలుగో తరగతికి వచ్చేసరికి కూడా తెమలలేదు. వాయిదాలకు తెనాలి వెళ్లేటప్పుడు అప్పుడప్పుడు నన్నూ తీసుకువెళ్లేవాడు. పగలంతా చెట్టుకింద ప్లీడరుగారి పిలుపుకోసం ఎదురుచూడటం, రాత్రి ఎక్కడైనా పద్యనాటకం ఉంటే చూసి మర్నాడు ఉదయం బండికి తిరిగి రావడం మాకు అలవాటు. తెనాలి అంటే నాటకాలకు పుట్టిల్లు. బాపట్లలో 1902లో పుట్టి, స్త్రీపాత్రలకు ప్రాణం పోసిన స్థానం నరసింహారావు వంటి మహానటుని ఆదరించిన ఊరు. ఆయన నటన గురించి తాతయ్య కథలు కథలుగా చెప్పేవాడు.

చిన్నప్పుడు నేను ఒక మార్పు గమనించాను. మొదట్లో తాతయ్య రాయబార ఘట్టంలో శ్రీకృష్ణుడు సంధి మాటలు చెప్పే పద్యాలకు 'వన్స్‌మోర్' కొట్టేవాడు. పోనుపోను ఆ పద్యాలు వస్తే చుట్ట కాల్చుకోవడానికి బయటకు వెళ్లిపోయేవాడు. భీముని ప్రతిజ్ఞ వచ్చే వేళకు మాత్రం లోపలికి వచ్చి కూర్చునేవాడు. ఇంట్లోనూ అంతే. పూర్వం రాత్రిళ్లు అరుగుమీద పిల్లలకు భాగవతం కథలు చెప్పినవాడు, ఇప్పుడు ట్రంకుపెట్టెలోని కాగితాలు తీసి లాంతరు వెలుగులో చదువుకునేవాడు. తనకు అనుకూలంగా చెప్పించడానికి ఏమీ చూడని మనిషిచేత చూశానని చెప్పించాడన్న మాట కూడా ఇంట్లో వినబడింది. "సత్యం కోసం ఒక అబద్ధం ఆడితే తప్పేమిటే?" అని ఆయన నాన్నమ్మతో అనడం నేను విన్నాను. నాన్నమ్మ బదులు చెప్పలేదు. ఆ వారమంతా ఆయనకు అన్నం వడ్డించింది గాని, ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఏడు తొలకరిలో ఒక రాత్రి తాతయ్య నన్ను లేపాడు. "ఒరే అబ్బాయ్, లాంతరు పట్టుకురా" అన్నాడు. ఆయన భుజంమీద పార ఉంది. పొలం గట్లవెంట నడిచి దాయాది నారుమడి దగ్గర ఆగాము. మొలక చల్లి రెండు రోజులైంది. నీరు తీసివేసిన మడిలో తెల్లని మొలకలు లాంతరు వెలుగులో కనిపిస్తున్నాయి. బోదె నిండుగా పారుతోంది. తాతయ్య గట్టుకు గండి కొట్టాడు.

నీళ్లు మడిలోకి దూకాయి. కొద్దిసేపు తాతయ్య చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఏమి తోచిందో, "ఇక చాలు" అని తనలో తాను అనుకుని గండి పూడ్చడానికి మట్టి వేయసాగాడు. కాని గట్టు అప్పటికే కోసుకుపోయింది. వేసిన మట్టి వేసినట్టే ప్రవాహంలో కలిసిపోయింది. ఆయన మోకాళ్లలోతు నీళ్లలో దిగి, చేతులతో బురద తీసి అడ్డం పెట్టబోయాడు. అది కూడా నిలవలేదు. నేను గట్టుమీద లాంతరు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆయన పైకి వచ్చి, "పద" అన్నాడు. తెల్లవారేసరికి ఆ మడిలో మొలకలు లేవు.

అసలు విషయం మర్నాడు తెలిసింది. ఆ ఏడు దాయాది తన పొలాన్ని కౌలుకిచ్చాడు. ఆ నారుమడి ఒక కౌలురైతుది. విత్తనాలు అప్పు తెచ్చి చల్లుకున్నాడట. ఉదయం ఆయన గట్టుమీద గొంతుకూర్చుని, మడివైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన కొడుకు నా తరగతివాడు. నా పక్కనే కూర్చునేవాడు. ఆ ఏడు వాడు బడి మానేసి పశువుల వెంట వెళ్లాడు. కొంతకాలానికి ఆ కుటుంబం ఊరు విడిచిపోయింది. దాయాదికి మాత్రం ఒక్క గింజ నష్టం కూడా కలగలేదు. ఆయన కౌలు ఆయనకు ముందే ముట్టింది.

మహాభారతంలో ఒక ఘట్టాన్ని నేను ఎన్నోసార్లు చదివాను. దాని అర్థం మాత్రం ఆ సాయంత్రం తెనాలి స్టేషనులో నిలబడినప్పుడే నాకు తెలిసింది. శిబిరసంహారం తర్వాత పాండవులు వెంటాడగా, అశ్వత్థామ గడ్డిపరకను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం ప్రయోగించాడు. దానికి ప్రతిగా అర్జునుడూ అదే అస్త్రం వేశాడు. రెండూ కలిస్తే లోకాలు దగ్ధమవుతాయని వ్యాసనారదులు మధ్యలో నిలిచి, ఇద్దరినీ ఉపసంహరించమన్నారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కు తీసుకున్నాడు. అశ్వత్థామకు అది సాధ్యం కాలేదు. ఆ అస్త్రాన్ని మరలించడానికి కావలసిన ఆత్మనిగ్రహం అతనికి లేదు. అది ఎక్కడో ఒకచోట పడక తప్పదు. దానిని పాండవస్త్రీల గర్భాలపైకి మళ్లించాడు. తండ్రికోసం బయలుదేరిన పగ చివరకు ఇంకా పుట్టని శిశువు మీద పడింది.

ప్రయోగం తెలిసి ఉపసంహారం తెలియకపోవడం. అశ్వత్థామ పతనానికి ఇంతకన్న సంక్షిప్తమైన వివరణ లేదు. పగ అనే అస్త్రాన్ని ఎవరైనా ప్రయోగించగలరు. గండి కొట్టడానికి ఒక్క పారపోటు చాలు. దానిని పూడ్చే శక్తి మాత్రం కొట్టినవాని చేతిలో ఉండదు. ఆ నీరు ఎవరి మడిలోకి పోతుందో కూడా వానికి తెలియదు.

ఈ సత్యాన్ని కనిపెట్టినవారు మనవారొక్కరే కాదు. జర్మన్ రచయిత హైన్రిఖ్ ఫాన్ క్లైస్ట్ 1810లో ప్రచురించిన 'మిఖాయెల్ కోల్‌హాస్' అనే కథ చదివినప్పుడు నాకు మా తాతయ్యే కనిపించాడు. కోల్‌హాస్ నిజాయితీపరుడైన గుర్రాల వ్యాపారి. ఒక జమీందారు అబద్ధపు నిబంధన చెప్పి అతని రెండు గుర్రాలను ఆపుకుని, పొలం పనులకు వాడి బక్కచిక్కిస్తాడు. పలుకుబడి ముందు అతని ఫిర్యాదు వీగిపోతుంది. అతనికోసం అర్జీ తీసుకువెళ్లిన భార్య దెబ్బతిని మరణిస్తుంది. అంతవరకు పాఠకుని హృదయం అతనితోనే ఉంటుంది. ఆ తర్వాత అతడు జమీందారు కోటను తగలబెడతాడు. జమీందారును అప్పగించమంటూ ఊళ్లకు నిప్పు పెడతాడు. ఆ ఊళ్లలో కాలిపోయిన ఇళ్లు గుర్రాల సంగతే ఎరుగనివారివి. కథ చివర న్యాయస్థానం గుర్రాలను బాగా మేపించి తిరిగి ఇప్పిస్తుంది. అదే రోజు అతని నేరాలకు శిరచ్ఛేదం కూడా జరుగుతుంది. అతనికి న్యాయం లభించింది. దానిని అనుభవించే మనిషే మిగలలేదు.

ఈ కథలన్నింటిలో ఒక సామాన్యలక్షణం ఉంది. చెడిపోయినవాడు మొదట చెడ్డవాడు కాదు. పైగా న్యాయం వానివైపే ఉంది. నా ఉద్దేశంలో ప్రమాదమంతా అక్కడే ఉంది. తప్పు తనదని తెలిసినవాడు ఏదో ఒకచోట జంకుతాడు. న్యాయం తనదని తెలిసినవానికి ఆ జంకు ఉండదు. తనకు జరిగిన అన్యాయాన్నే దీపంగా పట్టుకుని నడుస్తాడు. ఆ దీపం శత్రువు ముఖంమీద మాత్రమే వెలుగు పడేస్తుంది. తన చేతులు ఏమి చేస్తున్నాయో వానికి కనిపించదు.

అయితే అన్యాయానికి గురైనవారందరూ ఇలాగే అయిపోవాలా? ఈ ప్రశ్నకు మన సాహిత్యం ద్రౌపది ముఖంగా సమాధానం చెప్పింది. సౌప్తికపర్వంలో పుత్రశోకంతో కుమిలిన ద్రౌపది, అశ్వత్థామకు శిక్ష పడేదాకా ప్రాయోపవేశం చేస్తానంటుంది. అతని శిరోమణి తెచ్చి ఇచ్చిన తర్వాతనే శాంతిస్తుంది. అది ఒక తల్లి సహజమైన ఆగ్రహం. దానిని ఎవరూ తప్పుపట్టలేరు. పోతనామాత్యుని భాగవతం ప్రథమస్కంధంలో అదే ద్రౌపది మరొక విధంగా కనిపిస్తుంది. అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ఆమె ముందు నిలబెడతాడు. అయిదుగురు కొడుకులను చంపినవాడు ఎదురుగా ఉన్నాడు. చంపడానికి భీముడు సిద్ధంగా ఉన్నాడు. ద్రౌపది ఒక్క మాట అంటే చాలు. ఆ క్షణంలో ఆమెకు కృపి గుర్తుకు వచ్చింది. కృపి అశ్వత్థామ తల్లి. బిడ్డలను పోగొట్టుకుని తాను ఏడుస్తున్నట్లు ఆ తల్లి ఏడవరాదని, గురుపుత్రుని విడిచిపెట్టమని కోరింది.

ఇది బలహీనుల క్షమ కాదు. చంపగల శక్తి చేతిలో ఉండగా చూపిన క్షమ. ద్రౌపది అశ్వత్థామ చేసినది తప్పు కాదని అనలేదు. అతని చేష్టను ముఖంమీదే నిలదీసింది. ఆ తర్వాత శిరోమణి పోయి, తల గొరిగించబడి అతడు శిబిరం నుంచి వెళ్లగొట్టబడ్డాడు. తప్పుకు శిక్ష పడింది. కాని గొలుసు తెగింది. ద్రోణుడు, ద్రుపదుడు, ధృష్టద్యుమ్నుడు, అశ్వత్థామ వరుసగా అందుకున్న ఆ గొలుసును ఆమె చేతిలోకి తీసుకుని ముందుకు అందించకుండా కింద పెట్టింది. ఉపసంహారం అంటే ఇదే. అస్త్రవిద్య నేర్చిన ఆచార్యపుత్రునికి చేతకానిది, ఏ అస్త్రమూ పట్టని తల్లికి చేతనయింది.

మా తాతయ్యకు వ్యాజ్యంలో గెలుపు వచ్చింది. అప్పటికి నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. సర్వేయరు వచ్చి రాళ్లు పాతించి వెళ్లాడు. తాతయ్య ఆ ముప్పై సెంట్ల మధ్య నిలబడి అటూ ఇటూ చూశాడు. "ఇంతేనట్రా?" అన్నాడు. తర్వాత చాలాసేపటికి, "ఆ రాత్రి లాంతరు నీ చేతిలోనే ఉంది గదూ" అని అడిగాడు. ఔనన్నాను. "ఆ కౌలురైతు ఎక్కడున్నాడో కనుక్కోగలవా?" అన్నాడు. కనుక్కోవడానికి ప్రయత్నించాను. ఎవరూ చెప్పలేకపోయారు. తాతయ్య బతికి ఉన్నంతకాలం ఆ ముప్పై సెంట్లలో విత్తనం పడలేదు. అడిగితే, "ఆ విత్తనాల బాకీ తీరనీ" అనేవాడు.

రేపల్లె బండి ఇప్పటికీ భట్టిప్రోలు మీదుగానే పోతుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో ధాతుపేటికలు బయల్పడ్డాయి. వైరం వైరంతో శమించదని లోకానికి చెప్పిన బుద్ధుని స్మృతికి నిలిచిన స్తూపం అది. వాయిదాలకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు మేము ఆ స్టేషను దాటిన సార్లు లెక్కలేదు. ఒక్కసారి కూడా దిగి చూడలేదు.

ఆ 'రేపు' చివరకు వచ్చింది. ఒకరోజు పాఠం పక్కనపెట్టి, ఈ సంగతంతా ఆ తరగతిలో చెప్పాను. అశ్వత్థామ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదనీ, ఎందుకంటే పదేళ్ల వయసులోనే ఆ శిబిరద్వారం దగ్గర నిలబడ్డవాణ్ణనీ ఒప్పుకున్నాను. తరగతి ముగిసిన తర్వాత ఆ విద్యార్థి నా వెనకే వరండాలోకి వచ్చాడు. కొంచెంసేపు తటపటాయించి, "సార్, మా ఇంట్లో కూడా ఒక గట్టు తగాదా ఉంది. మా నాన్నను కొట్టారు" అన్నాడు.

అతడు ఆనాడు ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అప్పుడు అర్థమైంది. సమాధానానికి నేను అన్ని రోజులు తీసుకున్నందుకు సిగ్గుపడ్డాను.

"ఊరుకోమని నేను చెప్పను" అన్నాను. "అన్యాయాన్ని సహించడం ధర్మం కాదు. పోలీసులకు చెప్పండి, కోర్టుకు వెళ్లండి, పెద్దమనుషుల్లో పెట్టండి. కాని ఏం చేసినా పగటివేళ చెయ్యి. పదిమందికీ తెలిసేలా చెయ్యి. రాత్రివేళ చేయవలసి వచ్చే పని ఏదైనా సరే, అది న్యాయం కాదు. కృపాచార్యుడు చెప్పిందీ అదే."

అతడు తల ఊపి వెళ్లిపోయాడు. ఆ ఏడాది పరీక్షలు రాశాడు, ఉత్తీర్ణుడయ్యాడు. అంతకుమించి నేను అడగలేదు.

ప్రియ విద్యార్థులారా, న్యాయానికీ పగకూ తేడా ఎక్కడుందని మీరు అడిగితే నాకు తోచిన సమాధానం ఇది. న్యాయానికి ఒక హద్దురాయి ఉంటుంది. అది అందిన రోజున మనిషి ఇంటికి తిరిగివచ్చి నిద్రపోగలడు. పగకు హద్దురాయి లేదు. అది ఆగవలసిన చోటు ఎక్కడో దానికే తెలియదు. వ్యాసభారతంలో శ్రీకృష్ణుడు అశ్వత్థామకు మరణశిక్ష విధించలేదు. తోడు లేకుండా, మాట్లాడే మనిషి లేకుండా, మూడువేల ఏళ్లు తిరుగుతూ ఉండమని శపించాడు. ఆ శాపం కొత్తగా ఇచ్చింది కాదనిపిస్తుంది. గుడ్లగూబను చూసిన రాత్రినుంచే అతడు ఒంటరివాడు.

ఇక కృపాచార్యుని గురించి ఒక మాట. ఆయన మంచి మాట చెప్పాడు. విననప్పుడు దూరంగా తొలగిపోలేదు. ఆ రాత్రి మేనల్లుని వెంట వెళ్లి శిబిరద్వారం దగ్గర కాపలా కాశాడు, బయటకు పారిపోయి వచ్చేవారిని చంపాడు. ఆయనకు స్వంత పగ లేదు. తనవాడి పగకు తోడు నిలిచాడు. లోకంలో అశ్వత్థామలు కొందరే. కృపులు చాలామంది. మనవాడు గదా అని, పెద్దవాడు గదా అని, ఎదురు చెప్పలేక లాంతరు పట్టుకునేవారు ప్రతి ఇంటిలోనూ ఉంటారు. నేను ఆనాడు చిన్నవాణ్ణి కావచ్చు. అయినా ఆ వెలుగు లేకపోతే తాతయ్య ఆ చీకట్లో గట్టు దాకా నడవగలిగేవాడు కాదు.

ఎవరైనా మిమ్మల్ని దీపం పట్టుకురమ్మంటే తీసుకువెళ్లండి. కాని దేనికోసమో ముందుగా అడగండి.